కేల్‌ను తోటకూరలా వేస్తే ఏమవుతుంది: హైదరాబాద్ డాబా మీద ఒక మడి కథనం

అక్టోబరు రెండో వారం. హైదరాబాద్‌లో రెండంతస్తుల ఇంటి డాబా. తూర్పు పిట్టగోడ పక్కన 3×2 అడుగుల ప్లాస్టిక్ ట్రే, 6 అంగుళాల లోతు. అందులో కేల్ విత్తనం చల్లి 40 రోజులైంది. వందకు పైగా మొక్కలు. కాడలు అగ్గిపుల్లంత సన్నం, జానెడు పొడవు, అన్నీ ఎండకోసం ఒకే వైపు వాలి ఉన్నాయి. కింది ఆకులు పసుపు, కొన్నిటి అడుగున ఊదా ఛాయ. ట్రేలో ఒక మూల మొక్కలను తోటకూర కోసినట్టు రెండంగుళాలు వదిలి కోశారు. మళ్లీ చిగురిస్తాయని ఆశ. మొవ్వుతో సహా పోయిన ఆ మొక్కల్లో చాలావరకు మోడులుగానే మిగిలాయి.

ఇంటివాళ్లు మమ్మల్ని అడిగింది "ఏ ఎరువు వేయాలి?" అని. సమస్య ఎరువుది కాదు, విత్తనానిదీ కాదు. కేల్‌ను ఆకుకూర అనుకోవడమే.

ఏ కుటుంబపు మొక్కో ముందు తేల్చుకోవాలి

క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్, కేల్ — అయిదూ ఒకే వృక్షజాతి: బ్రాసికా ఒలెరేసియా. క్యాబేజీ ఆకులను ముడుచుకుని గడ్డ కడుతుంది, కేల్ కట్టదు. తేడా అంతే. తిండి, వేరు, కావలసిన చలి, పట్టే పురుగు అన్నీ క్యాబేజీవే. తోటకూర 25–30 రోజుల్లో పీకి వండుకునే పంట. కేల్ చేతికి రావడానికే నాటిన తర్వాత 50 రోజులకు పైగా పడుతుంది, ఆ పైన మూడు నెలలు ఆకునిస్తూ నిలబడాలి. అంతకాలం నిలబడే మొక్కకు అడుగు లోతు మట్టి, చుట్టూ అడుగున్నర చోటు కావాలి. పేరు కొత్తదే గానీ కుటుంబం మన దేశానికి కొత్తది కాదు. కశ్మీరీలు రోజూ వండుకునే హాక్ కూడా గడ్డ కట్టని ఈ రకం మొక్కే.

ఈ ఒక్క మాట ఒప్పుకుంటే తర్వాత చేయాల్సినవన్నీ వాటంతటవే వరుసకొస్తాయి.

ఉన్నవాటిని ఎంతవరకు కాపాడవచ్చు

సాగిపోయిన నారు అంతా పారేయనక్కర్లేదు. టమాటాలా కాండం పొడవునా వేళ్లు దిగకపోయినా, కేల్ నారును మొదటి ఆకుల దాకా లోతుగా పూడ్చవచ్చు. కాడ నిలదొక్కుకుంటుంది. ట్రేలోంచి ఆరింటినే ఎంచారు. కొలమానాలు మూడు: మొవ్వు చెక్కుచెదరకుండా ఉండాలి, కాడ మొదట్లో నల్లటి నొక్కు ఉండకూడదు (ఉంటే నారుకుళ్లు), కనీసం నాలుగు నిజమైన ఆకులుండాలి. ఎత్తుగా ఉన్నదల్లా బలమైనది కాదు; గుబురు మధ్యలో అన్నిటికన్నా పొడవు సాగిందే తరచు అన్నిటికన్నా బలహీనమైనది.

వీటిని 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్లలో, బకెట్‌కు ఒకటి చొప్పున నాటారు. బకెట్ అడుగున ఆరు, అడుగు నుంచి అంగుళం పైన పక్కలకు నాలుగు, అరంగుళం రంధ్రాలు. పక్క రంధ్రాలు ఎందుకంటే డాబా గచ్చుకు ఆనుకుని అడుగు రంధ్రాలు మూసుకుపోతాయి. నీళ్లు నిలిస్తే కేల్ వారంలో వడలిపోతుంది, అప్పుడు దాహమనుకుని ఇంకా నీళ్లు పోస్తారు.

మిగతా నారును వేళ్లు తీసేసి పప్పులో వేసుకోమన్నాం. లేత కేల్ మొక్క మొత్తం తినదగిందే.

అదే రోజు కొత్త విత్తనం కూడా పోయించాం. ఈ ఆరూ నిలబడతాయన్న భరోసా లేదు, అక్టోబరు మధ్య హైదరాబాద్‌లో ఇంకా సమయం ఉంది.

కొత్త నారు

రకం ఎంపిక దగ్గర మా అభిప్రాయం గట్టిదే. డాబా మీద మొదటిసారి పెంచేవాళ్లు ముడతల కేల్ జోలికి పోవద్దు. ఆ ముడతల్లో పేనుబంక దాక్కుంటే మందు తగలదు, కడిగినా వదలదు. పొడవాటి ముదురాకుపచ్చ ఆకుల టస్కన్ కేల్ వేసుకోండి. విత్తన ప్యాకెట్ల మీద లాసినాటో, నీరో డి టోస్కానా, డైనోసార్ కేల్ అనే పేర్లతో ఉండేది ఇదే. ఆకు చదునుగా, బొబ్బలు బొబ్బలుగా ఉంటుంది, అడుగు భాగం తిప్పి చూడటం తేలిక. రెడ్ రష్యన్ ఆకు రుచికి మెత్తన, కానీ పలచన. కోసిన గంటకే వాడిపోతుంది, మధ్యాహ్నపు ఎండకు మొక్క మీదే వేలాడుతుంది.

విత్తనం చిన్నది, గ్రాముకు దాదాపు 300 గింజలు. ఆరు మొక్కల కోసం పది పన్నెండు గింజలు చాలు, ప్యాకెట్ అంతా చల్లాల్సిన పని లేదు. కడిగిన కోకోపీట్ రెండు వంతులు, జల్లించిన వర్మీకంపోస్టు ఒక వంతు కలిపి ప్రోట్రే గుంతలు నింపి, గుంతకు ఒక గింజ, ఒక సెంటీమీటరు లోతున. కోకోపీట్‌ను రెండు మూడు నీళ్లు మార్చి పిండితే గానీ అందులోని ఉప్పు పోదు. ఆ ఉప్పుకు లేత వేరు మాడుతుంది. మొలక 4–6 రోజుల్లో వస్తుంది.

మొలక కనిపించిన రోజే ట్రేను ఎండలోకి మార్చాలి. మొదటి కేసులో కాడలు సాగిపోవడానికి సగం కారణం గుబురు, సగం కారణం నీడ. "లేతవి కదా, ఎండ తగలకూడదు" అని మెట్ల గది నీడలో పదిహేను రోజులు ఉంచారు. ఆ పదిహేను రోజుల్లో సాగిన కాడ మళ్లీ పొట్టిది కాదు.

నల్ల కుళ్లు తెగులు ఎక్కువగా విత్తనంతోనే వస్తుంది. విడిగా అమ్మే, ఏ శుద్ధీ చేయని విత్తనమైతే 50 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్లలో ముంచి, ఆరబెట్టి విత్తుకోవచ్చు. థర్మామీటర్ లేకుండా మాత్రం చేయవద్దు. నాలుగైదు డిగ్రీలు ఎక్కువైతే గింజ చస్తుంది, తక్కువైతే తెగులు బతుకుతుంది. రంగు మందు పట్టించి అమ్మే గింజలకు ఇది అక్కర్లేదు.

మడి, బరువు, మట్టి

కొత్త నారు కోసం 4×3×1 అడుగుల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గ్రో బెడ్ తెచ్చారు. కొలత చూడండి: 12 ఘనపుటడుగులు, అంటే దాదాపు 340 లీటర్లు. తడిసిన మట్టిమిశ్రమం లీటరుకు కిలో పైనే తూగుతుంది కాబట్టి మడి బరువు 350–400 కిలోలు. దీన్ని శ్లాబ్ మధ్యలో పెట్టకూడదు. కింద గోడ గానీ దూలం గానీ ఉన్న చోటు చూసి, నీళ్లు కిందికి జారేలా ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. పాత ఇల్లయితే ముందు ఇంజనీరుకు చూపించాలి.

15 లీటర్ల బకెట్‌తో కొలిస్తే ఎర్రమట్టి 9 బకెట్లు, బాగా మాగిన పశువుల ఎరువు 9, కడిగిన కోకోపీట్ 5. పైన వేపపిండి ఒక కిలో. ఎరువు చేతిలోకి తీసుకుంటే వాసన, వేడి రెండూ ఉండకూడదు. పచ్చి ఎరువు వేస్తే వేరు మాడటమే కాక, కుమ్మరి పురుగు గుడ్లు దాంతోపాటే మడిలోకి వస్తాయి. అన్నీ కలిపి, తడిపి, పది రోజులు వదిలేశారు. కొత్త నారు పెరిగే లోపు ఈ పది రోజులు ఎలాగూ దొరుకుతాయి.

మట్టి ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 7.5 మధ్య ఉంటే కేల్‌కు సరిపోతుంది. నగరంలో బోరు నీళ్లు చాలా చోట్ల సున్నంతో గట్టిగా ఉంటాయి, కుండీ అంచున తెల్లటి పొర కడతాయి. అలాంటి నీళ్లతో నెలల తరబడి పెంచితే లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందకపోవడం. అలాంటి చోట వానాకాలంలో పట్టి ఉంచిన నీళ్లో, మునిసిపల్ నీళ్లో వారానికి ఒకసారైనా పోయడం మంచిది.

నవంబరు రెండో వారంలో, 30 రోజుల నారు నాలుగైదు ఆకుల మీద ఉన్నప్పుడు, సాయంత్రం పూట నాటారు. రెండు వరసలు, వరసకు మూడు, మొత్తం ఆరు. మొలకాకుల ఎత్తు దాకా పూడ్చి, చుట్టూ గట్టిగా అదిమి, మొక్కకు లీటరు నీళ్లు. నాటిన రోజు ఆ మడి బోసిగా కనిపిస్తుంది. ఇంటావిడ "ఇంత చోటు వృథా కదండీ, మధ్యలో ఇంకో ఆరు పెట్టుకుందామా?" అని అడిగారు. కేల్ వద్దు, ఆ ఖాళీల్లో కొత్తిమీర చల్లుకోండి అన్నాం. కేల్ ఆకులు కమ్ముకునే లోపు కొత్తిమీర కోతకు వచ్చేస్తుంది. జనవరికి ఆ మడిలో మట్టి కనిపించలేదు.

మేత, నీళ్లు

పల్లీ చెక్క 100 గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, రోజూ కలియబెట్టి, వడకట్టి, పది లీటర్లకు పలచన చేసి, 15 రోజులకొకసారి మొక్కకు లీటరు. నెలకొకసారి మొక్క మొదట్లో రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు వేసి మట్టి ఎగదోయడం. ఇంతే. డిసెంబరులో ఆకులు ముదురు పచ్చగా, పెళుసుగా, కాస్త మెలి తిరిగి కనిపిస్తే ఎక్కువ పెట్టినట్టు. నత్రజని ఎక్కువైన ఆకు మీదే పేనుబంక ముందు వాలుతుంది.

నీళ్లు కొలిచి పోయడం కన్నా వేలు పెట్టి చూడటం మేలు. రెండంగుళాల లోపల పొడిగా ఉంటేనే పోయాలి. చలి నెలల్లో మడికి రోజు విడిచి రోజు, బకెట్లకు దాదాపు రోజూ పడింది. ఆకుల మీద కాకుండా మొదట్లో పోయాలి. నల్ల కుళ్లు నీటి చుక్కలతోనే ఆకు నుంచి ఆకుకు పాకుతుంది.

పురుగులు: ఈ కేసులో అసలు పని ఇక్కడే

మొదటి దెబ్బ కాపాడిన ఆరింటి మీద పడింది. నవంబరు మొదటి వారంలో రెండు బకెట్లలో మొక్క ఎదుగుదల ఆగిపోయింది. మొవ్వులో సన్నటి సాలెగూడు లాంటి పొర, దానికి అంటుకుని గోధుమ రంగు పిండి. విప్పితే గీతల చిన్న పురుగు. ఇది మొవ్వును తొలిచే పురుగు, హెల్లులా. ఇంకా వెచ్చగా ఉన్న అక్టోబరు, నవంబరుల్లో లేత మొక్కకు ఇదే ప్రమాదం. మొవ్వు పోయిన కేల్ పక్కల నుంచి మూడు నాలుగు పిలకలు వేస్తుంది గానీ ఆకు చిన్నదైపోతుంది. ఆ రెండింటిలో ఒకటి పీకేశారు. ఇంకోదానికి బలమైన పిలక ఒకటి ఉంచి మిగతావి గిల్లేశారు. అది నెల ఆలస్యంగా ఆకుకు వచ్చింది.

కొత్త నారుకు ఈ పురుగు పట్టలేదు, ఎందుకంటే విత్తిన రోజు నుంచీ ట్రే మీద 40 మెష్ (అంగుళానికి 40 కన్నాల) తెల్ల వల ఉంది. నాటాక మడికి కూడా అరంగుళం పీవీసీ గొట్టాలు వంచి అదే వల కప్పారు. వల ఆకులకు తగలకుండా జానెడు ఎత్తున ఉండాలి, అంచులు మట్టిలో పూడ్చాలి. ఆకు వలకు ఆనుకుంటే రెక్కల పురుగు బయట కూర్చునే గుడ్డు పెడుతుంది.

అసలు శత్రువు డైమండ్ రెక్కల పురుగు. క్యాబేజీ రైతులకు ఇది బాగా తెలిసిన పేరే. బూడిద రంగు చిన్న రెక్కల పురుగు. రెక్కలు ముడిస్తే వీపు మీద వజ్రాల్లాంటి మచ్చలు వరసగా కనిపిస్తాయి. పిల్ల పురుగు ఆకు అడుగున గీకి తింటుంది, పై పొర మాత్రం పలచటి అద్దంలా మిగులుతుంది. వేలితో తాకితే గిలగిలా కొట్టుకుని నూలుపోగు మీద కిందికి వేలాడుతుంది. గుర్తుపట్టడానికి ఈ ఒక్క లక్షణం చాలు. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల దాకా రెండు మూడు వారాలే. అందుకే సంక్రాంతి దాటి ఎండ ముదిరే కొద్దీ తరం మీద తరం వచ్చి పడుతుంది.

ఈ డాబా మీద అది జనవరి ఆఖరున వల లేని బకెట్లలోకి వచ్చింది. చేసిన పనులు మూడు. బకెట్లకు పది అడుగుల దూరంలో ఒక పాత టబ్బులో ఆవాలు చల్లి ఉంచడం. ఆ పురుగుకు కేల్ కన్నా ఆవ ఆకు మీదే మోజు ఎక్కువ, అక్కడ గుడ్లు పెట్టాక ఆ మొక్కలను పీకి సబ్బు నీళ్లలో ముంచాలి. ఆవాలు పోసి వాటిని మరిచిపోతే మాత్రం పురుగుల ఫ్యాక్టరీ పెట్టినట్టే. రెండోది, రోజు విడిచి రోజు ఆకులు తిప్పి చూసి చేత్తో నలిపేయడం. పది పన్నెండు మొక్కలకు ఇది పావుగంట పని, ఏ మందూ దీనికి సాటి రాదు. మూడోది, బాసిల్లస్ తురింజియెన్సిస్ (పురుగును చంపే బ్యాక్టీరియా) పొడి లీటరు నీళ్లకు 2 గ్రాములు, సాయంత్రం, ఆకు అడుగున తడిసేలా.

ఈ మూడోదాని దగ్గరే పొరపాట్లు. పొద్దున కొడితే ఎండకు ఆ బ్యాక్టీరియా నిర్వీర్యమవుతుంది. తిన్న పురుగు కొన్ని గంటల్లో మేత మానేస్తుంది కానీ చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మర్నాడు పురుగు కదులుతోందని మళ్లీ కొట్టడం వృథా. ముదిరిన పురుగు మీద అంతగా పని చేయదు, పేనుబంక మీద అసలు పని చేయదు. ఇంకొకటి: కేల్ ఆకు మీద మైనం పొర ఉంటుంది, ఉత్త నీళ్ల మందు తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. లీటరుకు రెండు మూడు చుక్కల ద్రవ సబ్బో, కొంచెం కుంకుడు రసమో కలిపితేనే అంటుకుంటుంది. మొదటి పిచికారీలో ఇంటివాళ్లు ఇది కలపలేదు. మందు మొత్తం గచ్చు మీద పడింది.

పేనుబంకకు దారి వేరు. డిసెంబరు మబ్బు రోజుల్లో లేత ఆకుల అడుగున బూడిద చల్లినట్టు గుంపులు కట్టింది. మొదట నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి రాల్చడం, తర్వాత వేపనూనె 5 మిల్లీలీటర్లు, కుంకుడు రసం కలిపి లీటరు నీళ్లకు, వారం తేడాతో రెండుసార్లు. మధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. మందు కొట్టే ముందు గుంపులను దగ్గరగా చూడాలి: ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, కదలకుండా ఉన్న పేలు చాలా ఉంటే వాటి లోపల పరాన్నజీవి కందిరీగ పిల్ల ఉన్నట్టు. అక్షింతల పురుగులు తిరుగుతుంటే కూడా అంతే. ఆ ఆకులను ముట్టుకోకండి. మీ పని అవి చేస్తున్నాయి.

నల్ల కుళ్లు ఒకే ఆకు మీద కనిపించింది. ఆకు అంచున మొదలై మధ్య ఈనె వైపు మొన తిరిగిన పసుపు ముక్క, లోపలి ఈనెలు నల్లగా. ముదురాకు మొత్తంగా పండితే అది వయసు, లేదా ఆకలి. అంచు నుంచి మొనదేలి లోపలికి వస్తే తెగులు. ఆ ఆకును తుంచి, కంపోస్టులో వేయకుండా చెత్తలో పారేసి, కత్తెరను డెట్టాల్‌తో తుడిచారు. దీనికి ఇంట్లో పనికొచ్చే మందు లేదు. రెండు మూడు ఆకులకు పాకితే మొక్కను వదులుకోవడమే.

కోత

మొక్క మీద 10–12 ఆకులు ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. అన్నిటికన్నా కింది ఆకుల నుంచి వారానికి రెండు మూడు, కాడను కిందికి, పక్కకు వంచి మొదలంటా విరవాలి. సగం కాడ మిగిల్చితే అది కుళ్లి కాండంలోకి పాకుతుంది. పైన ఎప్పుడూ ఆరేడు ఆకులు తగ్గకూడదు, మొవ్వు మీద చెయ్యి పడకూడదు. ఇలా పోగా పోగా మొక్క బొప్పాయి చెట్టులా బోడి కాండం మీద గొడుగులా కనిపిస్తుంది; అది దాని సహజ రూపమే, కర్ర పాతి కట్టాలి.

బకెట్లలో కాపాడిన నాలుగు మంచి మొక్కలు నవంబరు ఆఖరున ఆకునిచ్చాయి. మడిలోని కొత్తవి జనవరి మొదటి వారంలో మొదలయ్యాయి, కానీ నెల తిరిగేసరికి ఆకు పొడవులో, మందంలో పాతవాటిని దాటేశాయి. నారు దశలో తగిలిన దెబ్బను ఎరువుతో పూడ్చలేమని చెప్పడానికి ఆ బకెట్లను, మడిని పక్కపక్కన చూపిస్తే చాలు.

కోసిన ఆకులను రెండు చెంచాల ఉప్పు వేసిన నీళ్లలో పది నిమిషాలు ఉంచితే దాగిన పురుగు బయటికి వస్తుంది. ఈనె తీసేసి సన్నగా తరిగి కందిపప్పులో వేస్తే పాలకూర కన్నా నమలబుద్ధిగా ఉంటుంది. కుక్కర్‌లో పప్పుతో పాటు కాక, పప్పు ఉడికాక వేసి పది నిమిషాలు ఉడికించాలి. ఇంట్లో ఎవరైనా రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతుంటే ముందు డాక్టరుకు చెప్పాలి. కేల్‌లో విటమిన్ కె చాలా ఎక్కువ, అది ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది.

రుచి గురించి ఒక నిజం. చలి గట్టిగా తగిలితే కేల్ పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది, మంచు పడ్డాక కోసిన ఆకు తియ్యగా ఉంటుంది. న్యూజెర్సీ పెరట్లో పెంచే మనవాళ్లు జులై, ఆగస్టుల్లో విత్తి మంచు పడ్డాక కోసేది ఈ రుచి కోసమే. టెక్సస్‌లోనైతే మనలాగే సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తుకుని చలికాలమంతా కోసుకోవచ్చు. హైదరాబాద్ చలికి ఆ తీపి కొంచెమే వస్తుంది, డిసెంబరు ఆఖరు నుంచి జనవరి దాకా. అరకు, లంబసింగి వైపు పెంచితే బాగా వస్తుంది. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల రాత్రులు వెచ్చన, గాలిలో తేమ ఎక్కువ. అక్కడ నవంబరు నుంచి జనవరి వరకే నమ్మకం పెట్టుకోవాలి.

ముగించడం

ఫిబ్రవరి ఆఖరున 50 శాతం షేడ్ నెట్ కట్టి మూడు వారాలు లాగారు. మార్చి మధ్యకు ఆకు మందమై, చేదెక్కి, పేనుబంక తిరగబెట్టింది. అప్పుడు పీకేశారు. పూత కోసం, విత్తనం కోసం ఉంచుదామని అడిగారు. కేల్ రెండేళ్ల మొక్క. వారాల తరబడి గట్టి చలి తగిలితేనే పూస్తుంది. హైదరాబాద్‌లో సాధారణంగా పూయదు, ఎండకు చస్తుంది. విత్తనం ఏటా కొనాల్సిందే.

మొక్కలను వేళ్లతో సహా తీసి, పురుగున్న ఆకులను సంచిలో కట్టి పారేశారు. ఆ మట్టిలో వచ్చే ఏడాది కేల్, క్యాబేజీ, ముల్లంగి, ఆవాలు ఏవీ వేయరు. ఎండాకాలానికి తోటకూర, వానకు గోరుచిక్కుడు అనుకున్నారు. ఈసారి తోటకూరను తోటకూరలాగే చల్లుకోవచ్చు.

మిగిలిన విత్తనం ప్యాకెట్‌ను బియ్యపు గింజలు కొన్ని వేసిన చిన్న గాజు సీసాలో మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టారు. ఇలా ఉంచితే మూడు నాలుగేళ్లు మొలుస్తుంది. సీసా మీద అంటించిన చీటీలో ఇలా ఉంది: సెప్టెంబరు 20కి పన్నెండు గింజలు, వల కింద, నవంబరు మొదటి వారంలో ఇంకో పన్నెండు, డిసెంబరు తర్వాత విత్తవద్దు.